మా ఇంట్లో మూడు రకాల చెవిమిషన్లు



ఈసారి జీడి పిక్కల రేటు గురించి కాదు, కొబ్బరి తెగుళ్ల గురించీ కాదు. చెవుల గురించి రాస్తున్నాను. మొన్న కాశీబుగ్గలో పక్క ఊరి రైతు ఒకాయన కలిసి, "ఏటి బావా, ఆన్‌లైన్లో చెవిమిషను పన్నెండొందలకే వస్తంది, డాక్టరు కాడికెళ్తే పాతిక వేలంటన్నారు, ఏది కొనమంటావు?" అని అడిగాడు. రోడ్డు మీద నిలబడి చెప్పే జవాబు కాదది. మా ఇంట్లో రెండేళ్లుగా జరిగిందంతా చెప్తే తప్ప అర్థం కాదు. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు మా అన్నయ్య సంగతి. ఆయనకి 63. వయసులో ఉన్నప్పుడు పదకొండేళ్లు టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లు పట్టాడు. చెవిలో దూదైనా పెట్టుకోకుండా. తరవాత ఊరికొచ్చి జీడితోట చూసుకున్నాడు. మన ఉద్దానంలో ఇంటికొకరన్నట్టు ఉన్న ఆ కిడ్నీ జబ్బు ఆయనకీ వచ్చింది. దాని గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ అడిగినా చెప్తారు. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేల్చలేకపోయారు.

2024లో సంక్రాంతి వెళ్లాక అన్నయ్యని కిడ్నీ డాక్టరుకి చూపించడానికి నేనే తీసుకెళ్లాను. క్రియాటినిన్ 2.4 ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, బయట జనం గోల, డాక్టరు గారి మూతికి మాస్కు. ఆయన ఏదో చెప్పారు. అన్నయ్య తలూపాడు. నేనూ తలూపాను. చీటీ పట్టుకుని బయటికొచ్చాం.

టీ కొట్టు దగ్గర అన్నయ్య అడిగాడు. "ఏటన్నాడ్రా డాక్టరు?"

"నువ్వే కదా తలూపినావు. నువ్వినలేదేటి?"

"నువ్వున్నావు కదా, నువ్వింటావని నానూపేసినాను."

నాకూ సగమే వినపడింది. 'మాత్రలు' అన్నది వినపడింది, 'మోకాలు' అన్నది వినపడింది. ఆ రెంటి మధ్య ఏముందో వినపడలేదు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, లోపలికెళ్లి మళ్లీ అడగడం. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. ఇద్దరు ముసలోళ్లు వెళ్లి "మాకు వినపడలేదండి" అనడానికి సిగ్గేసింది. నిజం చెప్తున్నా, సిగ్గే. చీటీలో రాసిన మందులు కొనుక్కుని బండెక్కేశాం.

డాక్టరు గారు చెప్పింది ఏమిటంటే, మోకాళ్ల నొప్పికి వేసుకుంటున్న డైక్లోఫెనాక్ మాత్రలు వెంటనే మానెయ్యమని, నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ మాత్రమే వేసుకోమని. అన్నయ్య నాలుగు నెలలు రోజుకి రెండేసి వేసుకున్నాడు. తరవాతి సారి మా కోడలు కూడా వచ్చింది. క్రియాటినిన్ 3.9. "మానమని చెప్పాను కదా, తలూపారు కదా" అని ఆయన అంటుంటే కోడలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆ మాత్రల వల్లే పెరిగిందని ఖచ్చితంగా చెప్పలేమన్నారు. కానీ కిడ్నీ బాగాలేనివాడు ఆ రకం నొప్పి మాత్రలు మింగకూడదన్నది మాత్రం ఖచ్చితం. తప్పు డాక్టరుది కాదు. మా తలకాయలది.

చెవిటోడి ముందు శంఖం ఊదినట్టు అని మనమే సామెత చెప్పుకుని నవ్వుకుంటాం. ఆ రోజు నుంచి నాకు నవ్వు రావట్లేదు.

ఇంటికొచ్చాక మా పెద్దోడు ఫోను తీసి నిమిషంలో ఆర్డరు పెట్టేశాడు. ఒక్కోటి 1,299 రూపాయలు, నాకొకటి, అన్నయ్యకొకటి. ఇదే మొదటి మిషను. డబ్బా మీద తెల్లతోలు ముసలాయన నవ్వుతున్న బొమ్మ. చెవిలో పెట్టుకుని చక్రం తిప్పితే చప్పుడు పెరుగుతుంది. అంతే దాని పని.

మొదటి రోజు అద్భుతంగా అనిపించింది. కాకులు వినపడ్డాయి, గిన్నెల చప్పుడు వినపడింది, ఫ్యాను గాలి వినపడింది. మా ఇంటావిడ మాట మాత్రం ముందు ఎంత మసగ్గా ఉందో అంతే మసగ్గా, కాకపోతే గట్టిగా వినపడింది. దవడ కదిపితే కుయ్యిమని ఈల. కోడలు స్టీలు పళ్లెం గచ్చు మీద పడేస్తే చెవిలో మేకు దిగినట్టయింది. అన్నయ్య నాలుగు రోజులు టీవీ చూడ్డానికి పెట్టుకుని, అయిదో రోజు తీసి బియ్యం డబ్బాలో పడేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. పురుగు పట్టకుండా కాపలా కాస్తోందని వదిన వెక్కిరిస్తుంది.

ఎందుకలా అయిందో నాకు తరవాత తెలిసింది. నేను టెక్కలిలో ఇంటర్ బైపీసీ చదివాను. జువాలజీ పుస్తకంలో చెవి బొమ్మ వేసి భాగాలు గుర్తించమనేవారు. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా బొమ్మ నాకు ఇప్పటికీ గుర్తే, మార్కులు మాత్రం రాలేదు. ఆ నత్తగుల్ల లోపల సన్నటి నూగు లాంటి కణాలుంటాయి. ఒక చివర ఉన్నవి సన్నటి చప్పుళ్లని, రెండో చివర ఉన్నవి బొంగురు చప్పుళ్లని పట్టుకుంటాయి. ట్రాక్టరు, రైసుమిల్లు, క్వారీ డ్రిల్లు, వయసు, ఇవన్నీ ముందు పాడుచేసేది సన్నటి చప్పుళ్లు పట్టే కణాల్నే. పాడైతే మళ్లీ మొలవవు. జీడిచెట్టు కొమ్మ నరికితే చిగురేస్తుంది గానీ ఇది వెయ్యదు.

మాటలో స, ష, చ, త, ఫ లాంటి అక్షరాలు ఆ సన్నటి చప్పుళ్లలోనే ఉంటాయి. ఆ, ఓ, మ లాంటివి బొంగురు వైపు. అందుకే మనకి 'ఎవరో మాట్లాడుతున్నారు' అన్నది తెలుస్తుంది, 'ఏం మాట్లాడుతున్నారు' అన్నది తెలీదు. "వినపడతాది గానీ అర్థం కాదు" అని మన పెద్దోళ్లు అంటే ఏదో సాకు చెప్తున్నారనుకుంటాం. సాకు కాదు, అక్షరాలా అదే జరుగుతోంది. ఆ 1,299 మిషను అన్ని చప్పుళ్లనీ ఒకే లెక్కన పెంచుతుంది. నీళ్లు అక్కర్లేని మడికీ, ఎండిపోయిన మడికీ ఒకేలా తూము తీసినట్టు. అసలైన వినికిడి యంత్రం ఏ మడికి ఎంత కావాలో అంతే వదులుతుంది. చిన్న చప్పుణ్ణి ఎక్కువ పెంచి, పెద్ద చప్పుణ్ణి కొంచెమే పెంచి, ఒక హద్దు దాటకుండా ఆపుతుంది. హద్దు లేని మిషను పెట్టుకుని ట్రాక్టరు నడిపితే మిగిలిన చెవి కూడా పోతుంది. నేను రెండుసార్లు నడిపాను. మీరు నడపొద్దు.

రెండో మిషను అమెరికా నుంచి వచ్చింది. మా మేనల్లుడు అక్కడ టెక్సాసులో ఉంటాడు. సెలవులకొచ్చినప్పుడు నాకోసం ఒక జత తెచ్చాడు. "మావయ్యా, అక్కడ ఇప్పుడు చీటీ లేకుండానే షాపుల్లో అమ్ముతున్నారు" అన్నాడు. ఏమిటా కథ అని అడిగితే చెప్పాడు. అమెరికాలో వాళ్ల మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో నిబంధన తెచ్చిందట. అదే ఏడాది అక్టోబరు 17 నుంచి అమల్లోకొచ్చింది. 18 ఏళ్లు దాటినవాళ్లు, తమకి కొంచెం నుంచి ఓ మోస్తరు వరకే వినికిడి తగ్గిందనుకునేవాళ్లు, డాక్టరు చీటీ లేకుండా, పరీక్ష లేకుండా కొనుక్కోవచ్చు. దాన్ని ఓటీసీ అంటారు, అంటే కౌంటరు మీద అమ్మేది, మనం జ్వరం మాత్ర కొనుక్కున్నట్టు. అయితే దానికీ హద్దు పెట్టారు. మామూలుగా 111 డెసిబెల్స్, పెద్ద చప్పుణ్ణి తనే అణిచే ఏర్పాటుంటే 117, అంతకు మించి చప్పుడు చేయకూడదు. ఎక్కువగా వినికిడి పోయినవాళ్లకీ, పిల్లలకీ అక్కడ కూడా చీటీ మిషనే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో అలాంటి ప్రత్యేక నిబంధన రాలేదు. మనకి ఆన్‌లైన్లో కనపడే చవక డబ్బా మీద 'ఓటీసీ' అని రాసి ఉన్నంత మాత్రాన అమెరికా లెక్కలన్నీ దానికి వర్తించవు. సంచి మీద బొమ్మ చూసి విత్తనాలు కొన్నవాళ్లం, మనకి ఇది వేరే చెప్పాలా.

మేనల్లుడి మిషను వేరు. ఫోనులో యాప్ పెట్టి, సన్నటి నుంచి బొంగురు దాకా చప్పుళ్లు వినిపించి, వినపడితే నొక్కమని, నా చెవికి తగ్గట్టు తనే సర్దుకుంది. నాకు తేడా తెలిసింది. ఇంట్లో మాట, ఫోను, టీవీ వార్తలు బాగానే వినపడుతున్నాయి. సంతలో, పెళ్లిలో, పిక్కల కాటా దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడతాను. అన్నయ్య చెవికి పెట్టి చూశాం. "ఏదీ, ఇది పనిచేస్తందా?" అన్నాడు. ఆయనకి అది ఆన్ అయిందో లేదో కూడా తెలీలేదు.

అంటే ఒకే ఇంట్లో, ఒకే తల్లి బిడ్డలం, నాకు సరిపోయింది ఆయనకి సరిపోలేదు. అప్పుడు గానీ మాకు బుద్ధి రాలేదు. అసలు ఎవరి చెవి ఎంత పోయిందో కొలిపించకుండా మిషన్లు కొంటున్నాం. భూమి కొలవకుండా గట్టు వేసినట్టు.

మరి వెంటనే మంచి చోటికి వెళ్లామా అంటే అదీ లేదు. దగ్గర్లో ఒక టౌనులో 'ఉచిత వినికిడి పరీక్ష' అని బోర్డు చూసి దూరిపోయాం. ఏ ఊరో, ఏ షాపో చెప్పను. పది నిమిషాల్లో, తలుపు తీసి ఉన్న గదిలో, బయట ఆటోల హారన్ల మధ్య పరీక్ష అయిపోయింది. చెవిలోకి లైటు వేసి చూసినవాడు లేడు. కుర్రాడు కంప్యూటరు చూసి "ఇద్దరికీ ఒకే మోడలండి, జత ఎనభై వేలు, మీరు రైతులు కాబట్టి అరవై అయిదుకిస్తాం, ఈరోజే అయితే" అన్నాడు. 'ఈరోజే అయితే' అన్న మాట వినగానే అన్నయ్య లేచి నిలబడ్డాడు. నా జీవితంలో ఆయనకి అంత స్పష్టంగా వినపడిన మాట ఇంకోటి లేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, చీటీ మిషను అనగానే అంతా మంచిదనుకోకండి. చవక డబ్బాలో మోసం ఉన్నట్టే ఖరీదు డబ్బాలోనూ ఉంటుంది.

ఆఖరికి అడిగి అడిగి సరైన దారి పట్టాం. ముందు చెవి ముక్కు గొంతు డాక్టరు. ఈఎన్‌టీ అంటారు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఉంటారు, విశాఖపట్నంలో అయితే చెవి ముక్కు గొంతుకి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ ఆసుపత్రే ఉంది. ఆ డాక్టరు చెవిలోకి చూసి, చీము గాని, కర్ణభేరికి చిల్లు గాని, గుబిలి గాని ఉందేమో చెప్తారు. గుబిలి అంటే నవ్వకండి. మా వీధిలో ఒక అప్ప ఆరు నెలలు ఆన్‌లైన్ మిషను పెట్టుకుని తిరిగింది. రెండు చెవుల్లోనూ బిరడాలా గుబిలి. అయిదు రోజులు చుక్కలు వేసి, మెత్తబడ్డాక డాక్టరు తీసేస్తే ఏ మిషనూ అక్కర్లేకుండా పోయింది. ఆరు నెలలు ఆవిడ గుబిలికి మైకు పెట్టుకుని తిరిగిందన్నమాట.

తరవాత ఆడియాలజిస్టు. అంటే చెవి పరీక్షలు చేసి మిషను అమర్చే చదువు చదివినవాళ్లు. వాళ్లకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, గోడ మీద పట్టా తగిలిస్తారు. లేకపోతే అడగండి, అడగడానికి సిగ్గుపడకండి. సిగ్గుపడితే ఏమవుతుందో పైన చెప్పాను.

విశాఖలో మేం వెళ్లినావిడ ఒక్కొక్కరికీ ముప్పావుగంట పైన తీసుకుంది. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. తరవాత చెవి వెనక ఎముక మీద ఒక బిళ్ల పెట్టి మళ్లీ అదే. లోపం బయటి దారిలో ఉందా, లోపల నరం వైపు ఉందా తెలుసుకోవడానికట. కర్ణభేరి కదలికకి ఇంకో పరీక్ష. తరవాత తెలుగు మాటలు చిన్నగా వినిపించి తిరిగి చెప్పమంది. అన్నయ్య 'తాళం' అంటే 'పాలెం' అన్నాడు, 'చేప' అంటే 'మేక' అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నా వంతు వచ్చేసరికి ఆగిపోయింది. ఇద్దరికీ కలిపి ఈ పరీక్షలకి మాకు అయింది 2,200. చవక మిషన్లు రెండింటికి పెట్టిన దానికంటే తక్కువ.

ఆ పరీక్ష కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. చూడ్డం తేలికే. ఎడమ నుంచి కుడికి బొంగురు నుంచి సన్నటి చప్పుళ్లు, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా. పై నుంచి కిందకి డెసిబెల్స్. ఎర్ర సున్నాలు కుడిచెవి, నీలం ఇంటూలు ఎడమచెవి. గీత పైన ఉంటే మంచిది, కిందకి దిగేకొద్దీ లోపం. నా గీత ఎడమవైపు 20 దగ్గర మొదలై, 4,000 దగ్గరికొచ్చేసరికి 60కి దిగిపోయింది. అచ్చం మా మెరక తోట గెడ్డలోకి దిగినట్టే. సగటున రెండు చెవులూ 40 చుట్టూ, సమానంగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం 20 లోపు మామూలు, 35 దాకా కొంచెం, 50 దాకా ఓ మోస్తరు, 65 దాకా ఓ మోస్తరు కంటే ఎక్కువ, 80 దాకా తీవ్రం. అన్నయ్యవి కుడి 66, ఎడమ 72.

ఆవిడ మేనల్లుడి మిషనుని చూసింది. పరికరానికి తగిలించి పరీక్షించింది. మూడో జత నాకు అంటగడుతుందేమో అనుకున్నా. "మీకు ఇది ప్రస్తుతానికి సరిపోతుందండి, ఏడాదికోసారి వచ్చి పరీక్ష చేయించుకోండి" అంది. ఒక రూపాయి వస్తువు అమ్మలేదు. అన్నయ్య దగ్గరకొచ్చి మాత్రం, "ఈయనకి బలమైనది కావాలి, చెవికి అచ్చు తీసి బిగుతుగా చెయ్యాలి, లేకపోతే ఈల వేస్తుంది" అని చెవిలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసింది. చెవి వెనక పెట్టుకునే డిజిటల్ మిషను, ఒక్కోటి 18 వేలు. ఎనభై వేల జత అక్కర్లేదంది. డబ్బు కట్టకముందు వారం రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమంది.

ఆవిడ ఇంకో మాట అడిగింది, దానికోసమే సగం ఈ పోస్టు రాస్తున్నా. "ఈయనకి కిడ్నీ జబ్బుందా? ఏ ఇంజెక్షన్లు చేయించుకున్నారు?" కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో వినికిడి లోపం ఎక్కువగా కనపడుతుందట. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు చెవి నరాన్ని దెబ్బతీయగలవు. కిడ్నీ పనిచేయకపోతే అవి ఒంట్లోంచి తొందరగా పోవు, దెబ్బ ఇంకా ఎక్కువ. నీరు తీయడానికి ఇచ్చే ఫ్రూసమైడ్ కూడా పెద్ద మోతాదులో చెవికి ఇబ్బందే. అవసరమైతే డాక్టర్లు అవి ఇస్తారు, ప్రాణం ముఖ్యం, మీరు సొంతంగా మానెయ్యకండి. కానీ మన ఊళ్లో జ్వరానికి సూది వేయించుకునేటప్పుడు "నాకు కిడ్నీ జబ్బుంది, చెవి కూడా తక్కువ" అని ముందే చెప్పండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు కదా, అక్కడికి వెళ్లేవాళ్లు కూడా చెవి సంగతి చెప్పండి, రాయించుకోండి.

అన్నయ్యకి మిషను పెట్టిన మొదటి వారం నరకం. చెప్పుల చప్పుడు, ప్లాస్టిక్ కవరు చప్పుడు, తను మింగిన గుటక చప్పుడు, అన్నీ తిట్టాడు. "దీని కంటే చెవుడే నయం" అన్నాడు. ఏళ్ల తరబడి వినని మెదడు మళ్లీ నేర్చుకోవాలట, ఏ చప్పుణ్ణి పట్టించుకోవాలో ఏది వదిలెయ్యాలో. మొదట రోజుకి రెండు గంటలు, తరవాత నాలుగు, అలా పెంచమంది. నెలన్నరలో మూడుసార్లు విశాఖ తిరిగాం, ప్రతిసారీ కంప్యూటరుకి తగిలించి కాస్త కాస్త సర్దింది. ఇప్పుడు నాకు అర్థమైంది, మేం 36 వేలకి కొన్నది మిషను ఒక్కటే కాదు, ఆ తిరుగుళ్లూ సర్దుళ్లూ కూడా. ఆన్‌లైన్ డబ్బాలో రానిది అదే. నా అమెరికా మిషనుకీ అదే లోటు. రేపు అది చెడిపోతే మేనల్లుడు మళ్లీ వచ్చేదాకా ఆగాలి.

తిత్లీ వచ్చిన రాత్రి, 2018 అక్టోబరు 10 తెల్లారితే 11, మన కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన ఆ గాలి హోరు ఇంకా చెవుల్లోనే ఉందనేవాడు అన్నయ్య. ఆ తరవాత తోట అంత నిశ్శబ్దంగా ఎందుకుందో, చెట్లు పోవడం వల్ల అనుకున్నాడట. మిషను పెట్టిన మూడో వారం పెరట్లో కూర్చుని "పిట్టలున్నాయిరా" అన్నాడు. ఉన్నాయి, ఎప్పుడూ ఉన్నాయి.

ఇక డబ్బు లేదంటారా, దానికీ దారుంది. వికలాంగులకి ఇచ్చే కేంద్ర పథకం ఏడిఐపీ కింద, 60 దాటిన పేద వృద్ధులకయితే రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చెవిమిషన్లు ఉచితంగా ఇస్తారు. వయోశ్రీని 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే, నెల్లూరులో మొదలుపెట్టారు. రేషన్ కార్డు గాని, నెలకి 15 వేల లోపు ఆదాయం ఉన్నట్టు కాగితం గాని కావాలి. అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ శిబిరాలు పెట్టి ఇస్తుంది. శిబిరం ఎప్పుడో సచివాలయంలో అడుగుతూ ఉండండి. అలా వచ్చిన మిషనైనా సరే, బియ్యం డబ్బాలో పడెయ్యకుండా ఒకసారి ఆడియాలజిస్టు చేత మీ చెవికి సర్దించుకోండి. రెండు చెవులూ 60 డెసిబెల్స్ దాటి పోయినవాళ్లు సదరం పరీక్షకి కూడా వెళ్లాలి.

కొన్ని సంగతులు గబగబా. రాత్రికి రాత్రి ఒక చెవి వినపడకుండా పోతే అది మిషను కేసు కాదు, అత్యవసరం. అదే రోజో, మర్నాడో ఈఎన్‌టీ దగ్గర ఉండాలి. వారాలు గడిస్తే వైద్యం పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. వెల్లుల్లి నూనె కాచి పోసి కూర్చోకండి. ఒక చెవిలోనే హోరు, ఒక చెవే ఎక్కువ పోవడం, చీము, రక్తం, తల తిరగడం ఉన్నా ముందు డాక్టరే, ఆన్‌లైనూ కాదు షాపూ కాదు. మనది సముద్రపు గాలి, ఉప్పు తేమ. రాత్రి మిషను తుడిచి, బ్యాటరీ తలుపు తీసి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. బ్యాటరీ మీద రంగు స్టిక్కరు తీసిన క్షణం నుంచి అది ఖర్చవడం మొదలవుతుంది, కాబట్టి వాడేటప్పుడే తీయండి. బిళ్ల బ్యాటరీలు పిల్లలకి అందకుండా దాచండి, మింగితే ప్రాణం మీదకొస్తుంది. ట్రాక్టరు, డ్రిల్లు, మిల్లు దగ్గర పనిచేసే కుర్రోళ్లకి చెవి బిరడాలు కొనివ్వండి, ఇరవై ముప్పై రూపాయలకి దొరుకుతాయి.

పక్క ఊరి బావకి జవాబు. నువ్వు ముందు రెండూ కొనకు. చెవి చూపించు, గీత గీయించు. గీత నాలా ఉంటే, రెండు చెవులూ సమానంగా ఉంటే, తనే సర్దుకునే మంచి మిషను తక్కువలో దొరికితే వాడుకోవచ్చు, తప్పులేదు. అన్నయ్యలా ఉంటే అచ్చు తీసి సర్దేవాళ్ల దగ్గరే కొను. పన్నెండొందల డబ్బా మాత్రం ఏ గీతకీ నేను చెప్పను.

అన్నయ్య క్రియాటినిన్ మొన్నటికి 3.6. నొప్పి మాత్రలు పూర్తిగా మానేశాడు. డాక్టరు దగ్గరికి ఇప్పుడు కోడలు పుస్తకం పట్టుకుని వస్తుంది, ఆయన చెప్పిందంతా రాస్తుంది. అన్నయ్య మాస్కు తీసి చెప్పమని అడుగుతున్నాడు. ఆయన తీసి చెప్తున్నారు.

వచ్చే మంగళవారం మళ్లీ విశాఖ వెళ్తున్నాం, పలాసలో పొద్దున్న ప్యాసింజరుకి. ఎవరైనా పెద్దోళ్లని తీసుకురావాలనుకుంటే కలిసి వెళ్దాం. పాత మందుల చీటీలు, ఏ ఇంజెక్షన్లు వేయించుకున్నారో ఆ కాగితాలు తెచ్చుకోండి. ముందుగా నాకు ఫోను చేయండి. నెమ్మదిగా మాట్లాడితే చాలు, అరవక్కర్లేదు.